మొదటి పంక్తిలో కూర్చోని మనిషి

డ్యూటీలో లేనప్పుడు కండక్టరు ఆదెయ్య బస్సులో సీటు మీద కూర్చోగా చూసినవాళ్ళు మా వినుకొండలో ఎవరూ లేరు. నేను చూశాను. ఒకే ఒక్కసారి. అందులో నా పాపం కూడా కొంత ఉంది కాబట్టి ఈ సంగతి చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు. నన్ను ఎరిగినవాళ్ళు ఈ మాట నమ్మరు. "సీతారత్నం టీచరు చెవిన వేస్తే ఆకాశవాణిలో వేసినట్టే" అని మా స్కూల్లో ఒక సామెత ఉండేది. అలాంటిదాన్ని ఈ ఒక్కటి మాత్రం కడుపులో దాచుకున్నాను.

ఎనభై నాలుగు నుంచి ఎనభై ఎనిమిది దాకా నేను రోజూ వినుకొండ నుంచి నరసరావుపేట వెళ్ళి పాఠాలు చెప్పి వచ్చేదాన్ని. ఆదెయ్యది మా వీధే, మా ఇంటికి రెండిళ్ళ అవతల. ఏ డిపోలో పనిచేసేవాడో రాయను. ఆనాటి మనుషులు కొందరు ఇంకా ఉన్నారు. పొట్టి మనిషి, మెత్తని గొంతు. ఆ గొంతుతో బస్సు వెనక నుంచి "రైట్" అంటే డ్రైవరుకి ఎలా వినిపించేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఖాకీ చొక్కా ఎడమ భుజం మీద డబ్బుల సంచి పట్టీ రాసుకుని నల్లటి చార పడేది. ఆ చార వదలగొట్టడానికి ఆయన భార్య రాజ్యం రోజూ సాయంత్రం పంపు దగ్గర సబ్బుతో కుస్తీ పట్టేది. "బంగారం తేకపోయినా ఈ మసి మాత్రం రోజూ మర్చిపోకుండా తెస్తాడు" అనేది.

బస్సు ఉద్యోగులు డ్యూటీ లేనప్పుడు పాసు మీద ఊరికే ప్రయాణం చేయొచ్చు. ఎక్కి "స్టాఫ్" అంటే చాలు, కండక్టరు పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోతాడు. చాలామంది ఆ ఒక్క మాట చెప్పేసి ముందు సీట్లో చేరగిలబడి, డ్రైవరుతో డిపో కబుర్లు చెప్పి, మధ్యలో గుర్రు కూడా పెట్టేవాళ్ళు. ఆదెయ్య పద్ధతి వేరు. అందరూ ఎక్కాక ఎక్కేవాడు. డోరు పక్కన కడ్డీ పట్టుకుని నిలబడేవాడు. డ్రైవరుతో మాట్లాడడు, కండక్టరుకి సలహాలు చెప్పడు. రద్దీ ఎక్కువైతే మాత్రం అడక్కుండానే ముసలమ్మల గంపలు అందుకుని, తలుపు వేసి, "రైట్" అనేవాడు.

"బస్సంతా ఖాళీగా ఉంది గదా, కూర్చోకూడదూ?" అని ఒకసారి నేనే అడిగాను.

"ఎవరన్నా ఎక్కుతారేమో పంతులమ్మగారూ."

"ఎక్కినప్పుడు లేవచ్చు."

"ఆడపెళ్ళివాళ్ళు మొదటి పంక్తిలో కూర్చోడం ఎక్కడన్నా చూశారా? విస్తళ్ళు ఖాళీగా ఉండయ్యి గదా అని మనం కూర్చుంటే, వచ్చిన చుట్టం గుమ్మంలో నిలబడి మనం తినేది చూడాల. బస్సు మనది. ఎక్కినోళ్ళు చుట్టాలు."

ఈ మర్యాద వల్ల ఇంట్లోవాళ్ళకి వచ్చిన తిప్పలు వేరే. రాజ్యంతో కలిసి ఎక్కడికైనా వెళ్తే ఆవిడకి టికెట్టు కొని, కిటికీ పక్కన కూర్చోబెట్టి, తను మాత్రం యథాప్రకారం కడ్డీ దగ్గరే. ఒకసారి దర్శిలో పెళ్ళికి వెళ్తున్నారు. రాజ్యం పక్కన ఎవరో వెంకాయమ్మ అనే పెద్దావిడ కూర్చుంది. రాజ్యానికి బస్సు పడదు, ఎక్కడ కళ్ళు తిరుగుతాయో అని ఆదెయ్య దూరం నుంచి ఆవిణ్ణే చూస్తున్నాడు. పెద్దావిడ కాసేపు ఓర్చుకుని, ఆ తర్వాత బస్సంతా వినపడేలా అడిగేసింది.

"ఏమయ్యో, ఇందాకట్నుంచీ ఈ అమ్మాయి వంకే చూస్తన్నావు. ఇంట్లో ఆడోళ్ళు లేరా నీకు?"

ఆదెయ్య ముఖం కందగడ్డ అయింది. రాజ్యం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఉందిలే పెద్దమ్మా. ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే" అందట. దర్శి దాకా ఆయన ఎవరో మాత్రం చెప్పలేదు. ఈ కథ నేను ఊరంతా చెప్పాను. ఆదెయ్య కూడా వింటూ నవ్వేవాడు.

ఎనభై ఆరు ఫిబ్రవరిలో మాత్రం నవ్వే సంగతి జరగలేదు. ఆ సాయంత్రం నరసరావుపేటలో ఇంటికి రావడానికి బస్సెక్కాను. ఆదెయ్యదే డ్యూటీ. బస్సు కిటకిటలాడుతోంది. ముందు సీట్లో తెల్ల ప్యాంటు వేసుకున్న ఒకాయన కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. గుంటూరులో పై ఆఫీసులో ఏదో ఉద్యోగం. "స్టాఫ్" అని ఎక్కాడు. ఆయన సీటు పక్కనే కడ్డీకి ఆనుకుని, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ఒక పిల్ల నిలబడి ఉంది. పొద్దున ఆస్పత్రిలో కుట్లు విప్పి పంపించారని వాళ్ళ అమ్మ చెబుతోంది.

ఆదెయ్య ఆయన దగ్గరికి వచ్చి మెల్లిగా, "కొంచెం లేవండి బాబూ. ఈ అమ్మాయి కూర్చుంటుంది" అన్నాడు.

"నేనెవరో తెలుసా నీకు?"

"తెలుసండి. స్టాఫు. అందుకే లెమ్మంటన్నా."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన లేవలేదు. ఆదెయ్య డోరు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. డ్రైవరు ఇంజను స్టార్టు చేసి చూస్తున్నాడు, రైట్ అనే మాట రాదే. అయిదు నిమిషాలైంది, పది అయింది. జనం మొదట తెల్ల ప్యాంటాయన్ని తిట్టారు, తర్వాత ఇద్దర్నీ కలిపి తిట్టారు. పద్దెనిమిదో నిమిషానికి ఆయన లేచాడు. బస్సు కదిలింది. ఆ పిల్ల కూర్చుంది.

వారం తిరక్కుండా కాగితం వచ్చింది. బండిని పద్దెనిమిది నిమిషాలు నిలిపినందుకూ, తోటి ఉద్యోగిని నలుగురిలో అవమానించినందుకూ విచారణ జరిగేదాకా సస్పెన్షను. సంచి, టికెట్లు, పాసు అప్పగించి ఇంటికి పొమ్మన్నారు.

ఈ సంగతి నాకు అప్పుడే తెలియలేదు. రాజ్యానికీ చెప్పలేదు ఆయన. రోజూ తెల్లవారి ఖాకీ బట్టలు వేసుకుని, క్యారేజీ పట్టుకుని, డ్యూటీకి వెళ్ళినట్టే వెళ్ళేవాడు. మార్చి మొదట్లో మా తమ్ముణ్ణి రైలెక్కించడానికి స్టేషనుకి వెళ్తే, ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని ఆదెయ్య కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. పారిపోయే దారి లేదు కనక అన్నీ చెప్పాడు.

"బస్టాండులో కూర్చుంటే అందరూ ఎరిగినోళ్ళే. ఇక్కడైతే రైలోళ్ళు మన డిపార్టుమెంటు కాదు. కూర్చున్నా తప్పు లేదు."

"ఎన్నాళ్ళిలా? రాజ్యానికి చెప్పండి."

"నెలాఖరులో ఎంక్వయిరీ ఉందంట. యూనియనోళ్ళు మాట్టాడారు. పందొమ్మిదేళ్ళలో నా మీద ఒక్క రిపోర్టు లేదు గదా, క్షమాపణ రాసిస్తే సరిపోద్ది, వారంలో డ్యూటీ అన్నారు. మధ్యలో ఇంకో రిపోర్టు పడకుండా ఉంటే చాలంట. అయిపోయినాక చెబుతా. మీరు మాత్రం చెప్పబాకండి పంతులమ్మగారూ."

చెప్పనని మాటిచ్చాను. నా జీవితంలో నేను పడ్డ కష్టాల్లో అదొకటి. రోజూ సాయంత్రం పంపు దగ్గర రాజ్యం ఎదురుపడేది. ఆ మధ్య ఆవిడ మధ్యాహ్నాలు మిరపకాయల వ్యాపారుల కొట్టుకి తొడిమలు తీసే పనికి వెళ్తోందని విన్నాను. ఎందుకమ్మా అంటే, "ఊరికే కూర్చుంటే పొద్దు పోటల్లేదు" అంది.

నెలాఖరులో గుంటూరులో మాకు మూడు రోజుల ట్రైనింగు పడింది. మొదటి రోజు పొద్దున్నే గుంటూరు బస్సెక్కేసరికి కడ్డీ దగ్గర ఆదెయ్య. ఆయన ఎంక్వయిరీ కూడా ఆవేళే. ఇంట్లో డ్యూటీకని చెప్పి బయల్దేరాడు కాబట్టి ఖాకీ బట్టల్లోనే ఉన్నాడు. చేతిసంచిలో ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా పెట్టుకున్నాడు, గుంటూరులో మార్చుకోవడానికి. ఒంటి మీది ఖాకీ చొక్కా జేబులో పాసు ఉండాల్సిన చోట మడతపెట్టిన పది రూపాయల నోటు. గడ్డం నున్నగా గీసుకున్నాడు. పెళ్ళిచూపులకి వెళ్ళేవాడిలా ఉన్నారు అన్నాను. "పిల్లని చూపించకుండానే వద్దంటారేమో" అన్నాడు.

బస్సు కండక్టరు ఇమ్మానియేలు. పాతికేళ్ళు కూడా లేవు. రెండేళ్ళ కిందట ఆదెయ్య దగ్గరే పని నేర్చుకున్నాడు. ఇంకా పర్మినెంటు కాలేదు. చిన్న కేసు పడినా ఇంటికి పంపించేస్తారు. ఆదెయ్య నోటు తీసి అతని ముందు చాపాడు.

"గుంటూరుకి ఒకటి కొట్టు."

ఇమ్మానియేలు ఆ నోటు వంక, పాము వంక చూసినట్టు చూశాడు. "మీకు నేను టికెట్టు కొట్టడమేందన్నా?"

"కొట్టాలిరా. నాకు పాసు లేదని తెలుసు గదా."

"తెలుసులే అన్నా. గట్టిగా చెప్పబాకు."

ఇద్దరూ తలలు దించుకుని నిలబడ్డారు. ఒకరు నోటు చాపి, ఒకరు టికెట్ల ట్రే పట్టుకుని. చూసేవాళ్ళకే ఇబ్బందిగా ఉంది. ఇలాంటప్పుడు నేను ఊరుకోలేను, అది నా జబ్బు. వాతావరణం తేలిక చేద్దామనుకుని, "ఏం ఇమ్మానియేలూ, తాతకి దగ్గులు నేర్పుతున్నావా? ఆయన ఎక్కడికి పోతాడు, ముందు ఆ వెనక జనాన్ని చూడు" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఇమ్మానియేలు బతుకుజీవుడా అనుకున్నట్టు, "వస్తానన్నా, చివర్న" అని వెనక్కి వెళ్ళాడు. ఆదెయ్య నోటు మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

ఊరు దాటాక ప్రతి స్టేజీలోనూ జనమే. గుంటూరు యార్డుకి మిరపకాయలు వేసుకుపోయే కాలం, నమూనా సంచులతో రైతులు ఎక్కుతున్నారు. ఒకాయన సంచి మూతి ఊడిపోయి కాయలు బస్సులో పడ్డాయి. వాటిని తొక్కేసరికి ఘాటు లేచి బస్సంతా ఒకటే దగ్గు. డ్రైవరు కూడా దగ్గుతూ తోలుతున్నాడు. ఆదెయ్య ఊరుకుంటాడా. కిటికీలు ఎత్తించాడు, కాయలు ఏరించాడు, చంటిపిల్లల తల్లుల్ని ముందుకి జరిపాడు, దిగేవాళ్ళని దించి "రైట్" అన్నాడు. నలభై రెండు రోజుల తర్వాత ఆ మాట అన్నాడు. ముఖంలో ఎంత వెలుగొచ్చిందంటే, సస్పెన్షను సంగతి నేనే మర్చిపోయాను. ఆయనా మర్చిపోయాడు. ఇమ్మానియేలు కూడా.

సంతమాగులూరు అడ్డరోడ్డు దగ్గర చెయ్యెత్తి బస్సు ఆపారు. చెకింగు.

ఎక్కిన ఇన్స్పెక్టరు పేరు జానకిరామయ్య. ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు, మాట తక్కువ. వెనక నుంచి ఒక్కొక్కరి టికెట్టు చూసుకుంటూ వస్తున్నాడు. ఆయన నాలుగు వరసల దూరంలో ఉండగా ఆదెయ్యకి టికెట్టు కొట్టలేదని నాకు గుర్తొచ్చింది. తిరిగి చూస్తే ఇమ్మానియేలు ముఖంలో నెత్తురు లేదు. చెకింగు వాళ్ళు ఎక్కాక ఇంక టికెట్టు కొట్టడానికి లేదు. బస్సులో టికెట్టు లేని మనిషి దొరికితే, అడగని కండక్టరుదే నేరం.

జానకిరామయ్య కడ్డీ దగ్గరికి వచ్చాడు. ఖాకీ చొక్కా చూశాడు.

"పాసు."

ఆదెయ్య చెయ్యి తనంతట తనే జేబులోకి వెళ్ళింది. పందొమ్మిదేళ్ళు పాసు ఉన్న జేబు. పది రూపాయల నోటుతో బయటికొచ్చింది. ఆయన దాన్ని చూసుకున్నాడు. ఒకసారి ఇమ్మానియేలు వంక చూశాడు.

ఇమ్మానియేలు, "సార్, అన్నని నేను..." అని మొదలుపెట్టాడు.

"నువ్వుండరా" అన్నాడు ఆదెయ్య. తర్వాత ఇన్స్పెక్టరుతో, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. "పాసు లేదండి. నేను సస్పెన్షన్‌లో ఉన్నా. ఇతను టికెట్టు అడిగాడు. స్టాఫ్ అని చెప్పా. పాసు చూపించమన్నాడు. నిన్ననే మళ్ళీ డ్యూటీలోకి తీసుకున్నారు, పాసు రేపిస్తారని అబద్ధం చెప్పా. యూనిఫాంలో ఉన్నా గదా, నమ్మాడు."

జానకిరామయ్య కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. "ఇది రాసుకుంటే ఏమవుద్దో తెలుసా నీకు? సస్పెన్షన్‌లో యూనిఫాం వేసుకోడం ఒకటి, స్టాఫ్ అని దొంగమాట చెప్పడం రెండు, టికెట్టు లేకపోడం మూడు. ఎంక్వయిరీ అయిందా?"

"ఇవాళేనండి. అక్కడికే పోతన్నా."

మిరప ఘాటుకి దగ్గు వస్తున్నవాళ్ళు కూడా బిగబట్టుకున్నారు.

"ఇతను అడిగినట్టు చూసినవాళ్ళు ఎవరన్నా ఉన్నారా?" అన్నాడు జానకిరామయ్య.

నేను ముందుకు వచ్చాను. అసలు జరిగింది చెప్పాలనే లేచాను. ఆయన డబ్బు చాపాడనీ, నా వెకిలి మాట వల్లే టికెట్టు ఆగిపోయిందనీ. నోరు తెరిచేలోపు ఆదెయ్య నా వంక చూశాడు. బతిమాలుతున్నట్టు లేదు ఆ చూపు. సీట్లో కూర్చున్న స్టాఫు వంక చూసే చూపు అది. నేను నిజం చెబితే ఆయన తప్పు తగ్గుతుంది. ఇమ్మానియేలు మాత్రం ఆ అడ్డరోడ్డులోనే ఉద్యోగం దిగిపోతాడు.

"నేను చూశానండి" అన్నాను. "ఆ అబ్బాయి అడిగాడు. రెండుసార్లు అడిగాడు."

రెండుసార్లు అని ఎందుకన్నానో తెలియదు. అబద్ధం అలవాటు లేనివాళ్ళు మోతాదు ఎక్కువ వేస్తారు.

కాగితం రాశారు. ఆదెయ్య సంతకం పెట్టాడు, సాక్షి అన్నచోట నేను పెట్టాను. అబద్ధం ఆడకూడదు అని నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాయించానో, ఆ చేత్తోనే. జరిమానా కట్టించుకుని టికెట్టు చేతికిచ్చాక, జానకిరామయ్య దిగబోతూ మెట్టు మీద ఆగాడు.

"ఆదెయ్యా, నువ్వు చెప్పింది రాసుకున్నా. నమ్మానని కాదు" అని దిగిపోయాడు.

బస్సు కదలాలి. ఇమ్మానియేలు నోట్లోంచి రైట్ అనే మాట రావడం లేదు. చివరికి ఆదెయ్యే అన్నాడు. గుంటూరు దాకా ఆయన కడ్డీ దగ్గరే నిలబడ్డాడు. నలుగురు లేచి సీటిచ్చారు; ఎవరిదీ తీసుకోలేదు. ఇమ్మానియేలు మళ్ళీ ఆయన వైపు రాలేదు, వెనక నిలబడి ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. దిగేటప్పుడు ఆదెయ్య అతని భుజం మీద తట్టి, "ఇక మీదట నేనెక్కినా ముందు టికెట్టు కొట్టు" అన్నాడు. అంతే.

ట్రైనింగులో ఏం చెప్పారో నాకొక్క ముక్క తలకెక్కలేదు. సాయంత్రం బస్టాండులో ఆదెయ్య కోసం వెతికాను. తెల్లచొక్కాలో స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. ఖాకీ చొక్కా చేతిసంచిలోకి వెళ్ళిపోయింది.

"ఏమన్నారు?"

"క్షమాపణ రాసిమ్మన్నారు. రాసిచ్చా. ఆ పెద్దమనిషిని లేపినందుకు కాదు, బండి ఆపినందుకని రాశా. ఒప్పుకున్నారు. మంచిగానే మాట్టాడారు. వచ్చే వారం డ్యూటీలో చేరదువుగానిలే అన్నారు."

"పొద్దుటి సంగతి?"

"కాగితం రేపటికి ఎటూ చేరుద్ది గదండి. నేనే చెప్పా."

"చెబితే?"

"వచ్చే వారం అన్నది కొట్టేసి, ఇంకో కాగితం తీశారు."

నేను క్షమించమని అడగాలనుకున్నాను. రెండు మూడు రకాలుగా మొదలుపెట్టాను. ఆయన మధ్యలోనే, "మీరన్నది నవ్వుకే గదా. తీసుకోవాల్సినోణ్ణి నేను. పందొమ్మిదేళ్ళు టికెట్లిచ్చినోడికి తీసుకోడం రాలేదు" అన్నాడు.

తిరుగు బస్సులో కండక్టరు మాకు తెలిసినవాడు కాదు. ఆదెయ్య అందరికంటే ముందు ఎక్కాడు. టికెట్టు కొన్నాడు. కొని, వెళ్ళి సీట్లో కూర్చున్నాడు.

నేను పక్క వరసలో కూర్చుని చూస్తున్నాను. కూర్చోవడం అంటే అందరం కూర్చున్నట్టు కాదు. వేరేవాళ్ళింట్లో కొత్త కుర్చీ మీద కూర్చున్నట్టు అంచు మీద కూర్చుని, ముందు సీటు కడ్డీ రెండు చేతులతో పట్టుకున్నాడు. టికెట్టు ఆ చేతివేళ్ళ మధ్య. పేరేచర్లలో జనం ఎక్కి నిలబడ్డారు. ఆదెయ్య కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఫిరంగిపురంలో చంకలో పిల్లాడితో ఒకావిడ ఎక్కి సరిగ్గా ఆయన పక్కనే నిలబడింది. ఆదెయ్య చెవులు ఎర్రబడ్డాయి. మెడ మాత్రం తిప్పలేదు. కొన్నవాడు ఎట్టా కూర్చుంటాడో తనూ అట్టా కూర్చుని చూడాలని పంతం పట్టినట్టున్నాడు. నేను లేవబోయాను.

"మీరు కూర్చోండి పంతులమ్మగారూ" అన్నాడు బయటికి చూస్తూనే. ఇంకో మైలు గడిచింది. చంకలో పిల్లాడు ఆయన తల వెంట్రుకలు పట్టుకున్నాడు. అంతటితో ఆయన పంతం అయిపోయింది. లేచి, "కూర్చో తల్లీ" అని, కడ్డీ దగ్గరికి వెళ్ళి నిలబడి, గట్టిగా ఊపిరి వదిలాడు.

వినుకొండలో దిగేసరికి పొద్దు వాలుతోంది. వీధి మొదట్లో ఆగి, "ఇంటిదాకా వస్తారా? ఎట్టా మొదలుపెట్టాలో తెలీడంలా" అన్నాడు. వెళ్ళాను.

రాజ్యం వసారాలో మిరపకాయల కుప్ప ముందు కూర్చుని తొడిమలు తీస్తోంది. పని ఇంటికే తెచ్చుకున్నట్టుంది. వేళ్ళు మండితే రాసుకోవడానికి కొబ్బరినూనె గిన్నె పక్కనే ఉంది. పొద్దున ఖాకీ చొక్కాతో వెళ్ళిన మనిషి తెల్లచొక్కాతో వచ్చి ఎదురుగా నిలబడితే, తల ఎత్తి చూసి మళ్ళీ పనిలో పడింది.

"రాజ్యం, నీకొక సంగతి చెప్పాల" అన్నాడు ఆదెయ్య.

"ఇంకా ఎన్నాళ్ళంట?" అంది ఆవిడ.

ఆదెయ్య నా వంక చూశాడు. నేను చెప్పలేదని రెండు చేతులూ ఊపాను.

"ఆయమ్మ చెప్పలా. ఆయమ్మ చెప్పకపోతే నాకు తెలియదా" అంది రాజ్యం. "నలభై రోజుల్నుంచీ చొక్కా ఉతుకుతన్నా. భుజం మీద చార ఏదీ? సంచి తగిలించుకోకుండా ఏ కండక్టరు డ్యూటీ చేస్తాడు? నువ్వు చెబుతావని నేను, నేను అడుగుతానని నువ్వు. ఎన్నాళ్ళంటావు?"

"తెలీదు. ఇవాళ ఇంకోటి కూడా పడింది."

"కూర్చో అయితే. కూర్చుని చెప్పు."

ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు. ఆవిడ కుప్పలో సగం కాయలు అవతలికి తోసి చోటు చేసింది. "ఇవి నువ్వు తియ్యి. చేతులు కంట్లో పెట్టుకోబాకు."

ఆదెయ్య కూర్చుని ఒక కాయ అందుకున్నాడు. నేను అక్కడి నుంచి వచ్చేశాను. ఇల్లు చేరేదాకా నా చెవుల్లో నా మాటే తిరుగుతోంది, తాతకి దగ్గులు నేర్పుతున్నావా అని.

ఇంకో పదకొండు నెలలు పట్టింది. ఆఖరికి జీతంలో ఇంక్రిమెంట్లు కొన్ని కోసి, వేరే డిపోకి మార్చి, డ్యూటీ ఇచ్చారు. ఆయన కంటే ముందే ఇమ్మానియేలు పర్మినెంటు అయ్యాడు. ఆ కబురు తెలిసినరోజు ఆదెయ్య మిరప యార్డులో బస్తాల మీద నంబర్లు వేసే పనిలో ఉన్నాడు. "మంచిదే గదా" అన్నాడట, ఆ ముక్కే రాజ్యం నాకు చెప్పింది. ఇంకేమన్నా అన్నాడా అంటే, ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు అంది.

ఆ పదకొండు నెలల్లో ఇమ్మానియేలు బస్సు చాలాసార్లు నాకు తగిలింది. ఆదెయ్య అందులో గుంటూరు యార్డుకి వెళ్తుండేవాడు. మామూలుగానే చివర్న ఎక్కేవాడు. సరిపడా చిల్లర ముందే మడతపెట్టి ఉంచుకునేవాడు. ఇమ్మానియేలు ముందున్న జనాన్నందర్నీ ఆపి, మొట్టమొదటి టికెట్టు ఆయనకి కొట్టేవాడు. ఎన్ని నెలలైనా ఆ ఒక్క టికెట్టు మాత్రం రెండు చేతులతో అందించేవాడు. ఆదెయ్య దాన్ని తీసుకుని, ఒకసారి చదువుకుని, చొక్కా జేబులో పాసు ఉండే చోట పెట్టుకుని, కడ్డీ పట్టుకుని నిలబడేవాడు.

నేను ఆ బస్సులో నరసరావుపేట దాకా నోరు విప్పేదాన్ని కాదు. ఒంట్లో బాగాలేదేమో అని జనం అడిగేవాళ్ళు.